ఏటికి పెడమొగమైన ఊళ్లు: గోదావరి పాయల వెంట రెండు రోజులు

1839వ సంవత్సరం ఆగస్టు నెలలో పారిస్ నగరంలో ఛాయాచిత్ర ప్రక్రియను లోకానికి వెల్లడి చేశారు. అదే సంవత్సరం నవంబరులో గోదావరి ముఖద్వారం చెంతనున్న కోరంగి రేవుపట్టణాన్ని సముద్రపు ఉప్పెన ముంచెత్తింది. ఈ రెండు సంఘటనలకు పరస్పర సంబంధమేమీ లేదు. అయినా గోదావరి తీరపు ఊళ్ల చరిత్ర చదివేవారికి ఈ రెండు తేదీలు పక్కపక్కన కనబడినప్పుడు మనసు చివుక్కుమనక మానదు. ఓడలు కట్టి, ఓడలు బాగుచేసి, బర్మా దాకా పేరు మోసిన ఒక రేవు తన ముఖం ఎటువంటిదో చూపే ఒక్క ఛాయాచిత్రమైనా మిగల్చకుండానే ఆ ఉప్పెనకు గురైంది.

కోరంగికి లేని అవకాశం మిగిలిన ఏటి ఒడ్డు ఊళ్లకు నూట ఎనభై ఏళ్లకు పైగా ఉన్నది. దానిని మనం ఎంతవరకు వినియోగించుకొన్నాం? 1850 దశకం చివర మద్రాసు ప్రభుత్వం లిన్నేయస్ ట్రైప్ అనే సైనికాధికారి చేత అధికారికంగా ఛాయాచిత్రాలు తీయించింది. ఆయన మదురై, తంజావూరు, తిరుచిరాపల్లి ప్రాంతాల ఆలయాలను, కట్టడాలను శ్రద్ధగా చిత్రించాడు. కొద్దికాలానికే ఖర్చు ఎక్కువన్న కారణంతో ఆ ఏర్పాటు ఆగిపోయింది. ఆ తరువాత కూడా కెమెరా కన్ను గోపురాల మీద, రాజప్రాసాదాల మీద, వంతెనల మీద నిలిచినంతగా చిన్న ఊరి రేవు మీద నిలవలేదు. మెట్లరేవుకు, ధాన్యపు గిడ్డంగికి, పడవను కట్టివేసే రాతిస్తంభానికి చరిత్రలో స్థానమున్నదన్న సంగతి ఆనాటివారికి తోచలేదు. మనకైనా అరుదుగానే తోస్తుంది.

ఈ ఆలోచనతో గత శీతాకాలంలో ఒక శని, ఆదివారాలు కెమెరా భుజాన వేసుకొని ధవళేశ్వరం నుంచి కోరంగి దాకా గోదావరి పాయల వెంట ప్రయాణం చేశాను. నేను వృత్తిరీత్యా ఛాయాగ్రాహకుణ్ణి కాను. చరిత్ర చదువుకొని ప్రభుత్వోద్యోగంలో చేరినవాణ్ణి. వీలైనచోటల్లా ఊరిని రోడ్డు వైపు నుంచి ఒకసారి, నీటి వైపు నుంచి ఒకసారి చిత్రించాలన్నది నేను పెట్టుకొన్న ఏకైక నియమం. ఆ నియమం రెండు రోజుల్లో నాకు నేర్పిన చరిత్రనే ఇక్కడ పాఠకులతో పంచుకొంటున్నాను.

ఆనకట్ట దగ్గర

శనివారం తెల్లవారేసరికి ధవళేశ్వరం చేరాను. నది మీద మంచు ఇంకా విడలేదు. గోదావరి ఇక్కడే గౌతమి, వసిష్ఠ పాయలుగా విడిపోతుంది. 1832-33 నాటి కరువు, 1839 నాటి ఉప్పెన తీరాంధ్రాన్ని కుంగదీసిన తరువాత ఆర్థర్ కాటన్ ప్రతిపాదించిన ఆనకట్ట నిర్మాణం 1847లో మొదలై 1852లో ముగిసింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలుగా, నడుమనున్న లంకలను ఆధారం చేసుకొని ఆ కట్టడం సాగింది. పాత ఆనకట్టకు బదులుగా 1970 దశకంలో తలపెట్టిన బ్యారేజీ నేడు కాటన్ పేరుతోనే నిలిచి, పది లక్షల ఎకరాల మాగాణికి నీరందిస్తున్నది.

ఆనకట్ట పొలాలకు చేసిన మేలును గురించి చాలా రాశారు. అది ఊళ్ల ముఖాలను మార్చిన తీరును గురించి అంతగా రాయలేదు. ఆనకట్టతోపాటు వచ్చిన కాలువలు సాగునీటికే గాక రాకపోకలకు కూడా ఉద్దేశించినవి. లాకులు ఎక్కుతూ దిగుతూ ధాన్యపు పడవలు కాకినాడ దాకా సాగాయి. గాలి లేనప్పుడు తాడు భుజాన వేసుకొని గట్టు వెంట నడుస్తూ మనుషులే పడవలను లాగేవారు. దానితో ఏటి రేవులోని వర్తకం కొంత కాలువ రేవుకు మారింది. రాజమహేంద్రవరం దగ్గర యాభై ఆరు ఖానాల హేవలాక్ వంతెన మీద 1900లో రైలు నడిచింది. దానితో వర్తకం మరికొంత స్టేషను దారి పట్టింది. ఇరవయ్యవ శతాబ్ది నడిమికి లారీలు వచ్చాక మిగిలినది రోడ్డెక్కింది. ఆ హేవలాక్ వంతెనకు కూడా 1997లో విశ్రాంతి లభించింది.

ఇక నాలుగవ మార్పు నదికీ ఊరికీ నడుమ లేచిన ఏటిగట్టు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం వద్ద ముప్పై ఐదు లక్షల క్యూసెక్కుల వరద ప్రవహించింది. ఆ భీభత్సం తరువాత గట్లను ఎత్తు చేశారు. 2022 జూలైలో మళ్లీ ఇరవై ఐదు లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు గట్ల విలువ ఏమిటో అందరికీ తెలిసివచ్చింది. అయితే ఆ రక్షణకు ఊళ్లు ఒక మూల్యం చెల్లించాయి. వీధి అరుగు మీద కూర్చొని నదిని చూడగలిగిన ఇళ్లకు ఇప్పుడు కనిపించేది గట్టు మీది గడ్డి మాత్రమే.

కందుకూరి వీరేశలింగం 1874లో వివేకవర్ధని పత్రికను ప్రారంభించినప్పుడు ధవళేశ్వరంలో ఉపాధ్యాయుడుగా ఉన్నాడు. ఆయన రాజశేఖర చరిత్రము కూడా ఈ ఊళ్లోనే ఆరంభమవుతుంది. కొండ, గుడి, నది కలిసి ఒకే దృశ్యంగా కనిపించే ఊరు అది. నేను రోడ్డు మీద నుంచి తీసిన చిత్రంలో దుకాణాల పేరుపలకలు, కరెంటు తీగలు ఉన్నాయి. ఊరి పేరు చెరిపివేస్తే అది రాష్ట్రంలోని ఏ ఊరైనా కావచ్చు. పడవ మీద నుంచి తీసిన చిత్రంలో మాత్రం కొండ, గుడి, మెట్లు ఇంకా ఒకదానికొకటి తెలిసినట్లే నిలబడి ఉన్నాయి.

ముందు వెనుకలు ఉన్న దైవం

బ్యారేజీ దాటి, బొబ్బర్లంక మీదుగా ఆత్రేయపురం దారి పట్టాను. పూతరేకులకు పేరుపడిన ఆ ఊరికి సమీపంలోనే ర్యాలి ఉన్నది. అక్కడి జగన్మోహినీ కేశవస్వామి విగ్రహం ఒకే శిల. ముందువైపు కేశవుడు, వెనుకవైపు జగన్మోహిని. అర్చకులు దీపం పట్టి ముందు ఆ ముఖాన్ని చూపి, తరువాత భక్తులను వెనుకకు తీసుకువెళ్లి జడను, ఆభరణాలను, పాదాలను వివరించి చెబుతారు. మోహిని జడలోని పువ్వు రాలినందువల్ల ఊరికి ఆ పేరు వచ్చిందని స్థలపురాణం.

గర్భాలయంలో చిత్రాలు తీయరాదు గనుక కెమెరా సంచిలోనే ఉండిపోయింది. ఆ చిత్రం తీయలేకపోయినందుకు నాకు విచారం లేదు. వెనుకవైపు చూడకపోతే దర్శనం పూర్తి కాదని చెప్పే ఆ ఆలయం నా యాత్రకు కావలసిన సూత్రాన్ని అందించింది. ఊరికి కూడా రెండు వైపులు ఉంటాయి. మన రికార్డులు, పన్నుల పుస్తకాలు, పటాలు చాలావరకు ఒక వైపు దర్శనంతోనే తృప్తి పడ్డాయి.

సీతమ్మగారి చిత్రం

మధ్యాహ్నానికి వైనతేయ పాయ మీద పి. గన్నవరం చేరాను. ఇక్కడ కాలువ నది మీదుగా దాటుతుంది. కింద ఏరు సముద్రం వైపు, పైన కాలువ నగరం లంక పొలాల వైపు సాగిపోతాయి. 1850 దశకంలో హేగ్ అనే ఇంజనీరు కట్టించిన పాత అక్విడక్టు, దాని పక్కనే 2000 ప్రాంతంలో వాడుకలోకి వచ్చిన కొత్తది, రెండూ ఒకే చిత్రంలో ఇముడుతాయి. కొత్త కట్టడానికి డొక్కా సీతమ్మ పేరు పెట్టారు.

సీతమ్మ (1841-1909) సమీపంలోని లంకల గన్నవరంలో, ఏరు దాటి వచ్చే బాటసారులకు వేళ కాని వేళలో కూడా అన్నం పెట్టిన ఇల్లాలు. ఏడవ ఎడ్వర్డు చక్రవర్తి ఉత్సవానికి ఆమెను ఆహ్వానించారనీ, తాను అన్నం పెట్టింది బిరుదుల కోసం కాదని ఆమె వెళ్లలేదనీ, చివరకు అధికారులు ఎంతో బతిమాలి ఆమె ఛాయాచిత్రం తీయించుకొని పంపారనీ ఈ ప్రాంతంలో చెప్పుకొంటారు. జనశ్రుతిలోని వివరాలు ఎలా ఉన్నా, ఆ కథలో ఒక సత్యం ఉన్నది. అప్పుడు చిత్రం కోరినది ప్రభుత్వం. చిత్రం వద్దన్నది ఆమె. నేడు ఆ చిత్రమే ఇంటింటా ఆమె ముఖాన్ని మనకు చూపుతున్నది. ఆమె వండి వడ్డించిన ఊరి రేవును, బాటసారులు దిగిన ఆ ఒడ్డును మాత్రం ఎవరూ బతిమాలి చిత్రించలేదు.

ఆ రాత్రి అమలాపురంలో బస చేసి, నాటి చిత్రాలు చూసుకొంటూ ఉండగా నా సొంత తప్పు ఒకటి గుర్తుకు వచ్చింది. సుమారు పదిహేనేళ్ల కిందట నేను ఒక నదీతీర పట్టణంలో పనిచేస్తున్నప్పుడు, రేవు పక్కనున్న పాత ధాన్యపు గిడ్డంగిని కూల్చివేసే ప్రతిపాదన నా ముందుకు వచ్చింది. గోడలు పగుళ్లు వారాయి. పిల్లలు అందులో ఆడుకొంటున్నారు. ప్రమాదం నిజమే. ఫైలులో కట్టడం కొలతలున్నాయి. ఇటుకలకు, టేకు దూలాలకు వేలంలో రాగల ధర ఉన్నది. ఇంజనీరు నివేదిక ఉన్నది. ఛాయాచిత్రం లేదు. నేను అడగలేదు. సంతకం చేశాను. వారం రోజుల్లో ఆ స్థలం చదునైంది. చరిత్రలో పట్టభద్రుణ్ణయి ఉండి కూడా ఒక ఊరి సాక్ష్యాన్ని కొలతలుగా మార్చి కట్ట కట్టాను. కూల్చడం తప్పు కాకపోవచ్చు. చూసుకోకుండా కూల్చడం తప్పు.

కోటిపల్లి పంటు మీద

ఆదివారం ఉదయం ముక్తేశ్వరం రేవులో పంటు ఎక్కాను. గౌతమి ఇక్కడ విశాలంగా ఉంటుంది. ఆవలి ఒడ్డున కోటిపల్లి, ఛాయా సోమేశ్వరాలయం. శాపవశాన కాంతి కోల్పోయిన చంద్రుడు ఇక్కడ స్నానమాచరించి తన ఛాయను తిరిగి పొందాడని పురాణగాథ. ఛాయ పోగొట్టుకొన్నవారికి ఛాయను ఇచ్చే క్షేత్రానికి కెమెరాతో వెళ్లడం నాకు తగినదిగానే తోచింది.

పంటు మీద మోటారు సైకిళ్లు, కొబ్బరి బస్తాలు, బడి పిల్లలు. చుక్కాని దగ్గర కూర్చున్న వృద్ధుడు నా కెమెరాను కాసేపు గమనించి, ఎందుకు నీటి వైపు నుంచే తీస్తున్నారని అడిగాడు. చెప్పాను.

“ఆయ్. ఊరి మొగం ఇదివరకు ఇటే ఉండేదండి. పెళ్లివారు దిగినా, సరుకు దిగినా ఈ రేవేనండి. ఇప్పుడంతా రోడ్డు వైపు తిరిగిందండి. ఏటికి పెడమొగం పెట్టేశారండి” అన్నాడు.

“మరి వంతెన వస్తే ఈ పంటు కూడా ఉండదేమో, పెద్దాయనా! మీకు కష్టంగా ఉండదా?” అన్నాను.

“వంతెన రావాలండి. అర్ధరాత్రి నొప్పులొచ్చిన ఆడకూతుర్ని ఒడ్డున కూచోబెట్టి, వరద తగ్గాలని దణ్ణాలు పెట్టిన రోజులు నేను చూశానండి. నా పడవ కోసం వంతెన ఆగకూడదండి.”

పాత రేవుల అందాన్ని గురించి రాసే మాబోటి వారికి ఆ మాట ఒక హెచ్చరిక. రేవు అందమైనదే కావచ్చు, దాని మీద ఆధారపడి బతికినవారికి అది నిరీక్షణ కూడా. కోటిపల్లి చరిత్రలోనే ఇందుకు నిదర్శనం ఉన్నది. కాకినాడ నుంచి ఇక్కడికి 1928లో రైలు వచ్చింది. రెండవ ప్రపంచ యుద్ధ అవసరాల కోసం 1940లో ఆ పట్టాలను ఊడదీసి తీసుకుపోయారు. మళ్లీ రైలు రావడానికి 2004 దాకా ఆగవలసి వచ్చింది. అరవై నాలుగేళ్లపాటు ఒక ఊరు తన రైలు కోసం ఎదురుచూసింది. ఈ మార్గాన్ని నరసాపురం దాకా పొడిగించేందుకు నదిలో వంతెన స్తంభాలు లేచాయి. పంటునూ, ఆ స్తంభాలనూ ఒకే చిత్రంలో బంధించాను. ఈ యాత్రలో చరిత్రకారుడికి ఎక్కువగా ఉపయోగపడగల చిత్రం అదేనని నా నమ్మకం. కొన్నేళ్ల తరువాత అలాంటి చిత్రం తీయడం ఎవరికీ సాధ్యం కాదు.

యానాం, కోరంగి

కోటిపల్లి నుంచి ద్రాక్షారామం మీదుగా యానాం వెళ్లాను. ద్రాక్షారామ భీమేశ్వరాలయపు స్తంభాల మీద, గోడల మీద వందల సంఖ్యలో దానశాసనాలు ఉన్నాయి. అఖండదీపానికి గొర్రెలను ఇచ్చినవారు సైతం శకసంవత్సరాన్ని, దాత పేరును, దానం వివరాన్ని చెక్కించారు. కనుకనే శతాబ్దాల తరువాత కూడా ఆ శిల మాట్లాడుతున్నది. తేదీ లేని అందమైన రాయి కన్న తేదీ ఉన్న సామాన్యమైన రాయి చరిత్రకు ఎక్కువ చెబుతుంది.

యానాం ఫ్రెంచివారి వర్తక స్థావరంగా 18వ శతాబ్ది తొలి భాగంలో నెలకొన్నది. సమీపంలోని ఇంజరంలో ఇంగ్లీషువారి బట్టల ఫ్యాక్టరీ ఉండేది. గౌతమి ఒడ్డునే రెండు రాజ్యాలు, రెండు చట్టాలు. 1929 నాటి శారదా చట్టం బ్రిటిషు ఇండియాలో బాల్యవివాహాలను నిషేధించినప్పుడు, ఆ చట్టం వర్తించని యానాంకు పెళ్లివారు తరలివచ్చారు. నది ఒడ్డున ఒక సరిహద్దు ఉంటే దాని ప్రభావం పసిపిల్లల పెళ్లి పీటల దాకా పోతుందన్నమాట. 1954 జూన్ 13న యానాం ఫ్రెంచి పాలన నుంచి విముక్తమైంది. అదే సంవత్సరం నవంబరు 1న అధికార మార్పిడి జరిగింది. 1962 ఆగస్టు 16న విలీనం చట్టబద్ధమైంది. పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో భాగమైన ఈ తెలుగు పట్టణం నేటికీ గౌతమి వైపు ముఖం పెట్టుకొనే ఉన్నది. సాయంత్రమైతే జనం నది ఒడ్డున విహరిస్తారు. 2002లో ఎదుర్లంకకు వంతెన వచ్చాక కూడా ఊరు ఏటిని మరవలేదు. వంతెన వచ్చినంత మాత్రాన ఊరు పెడమొగం కావలసిన అవసరం లేదని యానాం నిరూపిస్తున్నది.

ప్రయాణంలో చివరి మజిలీ కోరంగి. 1789లోనూ, మళ్లీ 1839లోనూ ఉప్పెనలు ఆ రేవును దెబ్బతీశాయి. పూడిక పెరిగి, కాకినాడ ముందుకు వచ్చింది. అయినా కోరంగి పేరు సముద్రం దాటి బతికింది. బర్మాకు వెళ్లిన తెలుగు కూలీలను అక్కడివారు కోరంగీలనే పిలిచారు. 1930లో రంగూన్ రేవులో జరిగిన అల్లర్ల వృత్తాంతాలలోనూ ఆ పేరే వినిపిస్తుంది. ఎక్కడినుంచి బయలుదేరారో ఆ ఊరు చిన్నదైపోయింది. బయలుదేరిన మనుషుల మీద మాత్రం ఊరి పేరు ముద్రపడి మిగిలింది. నేడు ఆ తీరాన 1978లో ప్రకటించిన అభయారణ్యం, దట్టమైన మడ అడవులు ఉన్నాయి. పోటు నీటిలో మడ వేళ్లను చిత్రించాను. ఓడల రేవును వెదికే కన్నుకు అక్కడ వేళ్లే కనిపిస్తాయి.

ఈ కథ గోదావరికి మాత్రమే పరిమితం కాదు. రైలునూ స్టీమరునూ కలిపిన పద్మానది మీది గోవలందో రేవు దేశవిభజన అనంతరం తన పూర్వ వైభవాన్ని కోల్పోయింది. భాగీరథి ఒడ్డున మూర్షిదాబాదు చెంతనున్న అజీంగంజ్, జియాగంజ్ పట్టణాలలో వర్తకులు కట్టిన భవనాలు తాము చూసిన సంపదను తలపోస్తూ నిలిచి ఉన్నాయి. ఉపఖండమంతటా నదీతీరపు చిన్న ఊళ్లది దాదాపు ఒకే చరిత్ర. వచ్చిన మార్గం మారింది, వాకిలి మారింది.

చిత్రం వెనుక మూడు మాటలు

యాత్ర ముగించుకొని వచ్చాక, ఒకప్పుడు నేను పనిచేసిన ఆ పట్టణంలోని పాత సహోద్యోగికి ఉత్తరం రాశాను. కూల్చిన గిడ్డంగి చిత్రం ఎవరి దగ్గరైనా ఉన్నదేమో కనుక్కోమన్నాను. రెండు నెలలకు ఒక పాత పెళ్లి చిత్రం నకలు వచ్చింది. రేవు మెట్ల మీద పెళ్లివారు వరుసగా నిలబడ్డారు. వారి వెనుక గిడ్డంగి తలుపు సగం కనిపిస్తున్నది. తలుపు మీద వరద మట్టం తెలిపే గీతలు, వాటి పక్కన అంకెలు ఉన్నాయి. అంకెలు చదవడానికి వీలుకాలేదు. ఏ ఏటి వరద ఎంత ఎత్తుకు వచ్చిందో ఊరివారు తలుపు మీద రాసి పెట్టుకొన్నారన్నమాట. ఆ తలుపును నేను కలప లెక్కన వేలం వేయించాను. చిత్రం వెనుక సిరాతో ఒకే మాట రాసి ఉన్నది: రేవు. తేదీ లేదు.

అందుచేత ఈ వ్యాసాన్ని ఒక చిన్న విన్నపంతో ముగిస్తాను. నదీతీరాన ఏ పాత కట్టడాన్ని తొలగించవలసి వచ్చినా, ఏ మెట్లరేవు మీద కొత్త సిమెంటు పరచవలసి వచ్చినా, ముందుగా నీటి వైపు నుంచి ఒకటి, వీధి వైపు నుంచి ఒకటి, లోపలి నుంచి ఒకటి చిత్రాలు తీయించి ఫైలులో ఉంచడం కష్టమైన పని కాదు. ప్రతి చిత్రం వెనుక మూడు మాటలు చాలు: తేదీ, స్థలం, ఏ దిక్కుగా నిలబడి తీసినది. ఒక నకలు ఆ ఊరి శాఖా గ్రంథాలయానికి ఇస్తే ఊరి చరిత్ర ఊళ్లోనే ఉంటుంది. గోదావరి పుష్కరాలు 2003లోనూ, 2015లోనూ వచ్చాయి. 2027లో మళ్లీ రానున్నాయి. పుష్కరం వచ్చినప్పుడల్లా రేవులు కొత్తవవుతాయి. యాత్రికుల భద్రత కోసం అవి కొత్తవి కావలసిందే. పాత మెట్లు ఎన్ని ఉండేవో, ఏ మెట్టు దాకా నీరు వచ్చేదో తెలిపే ఆనవాలు ఒకటి మన దగ్గర మిగలాలన్నదే కోరిక.

పంటు నడిపిన పెద్దాయన చిత్రం ఇప్పుడు నా బల్ల మీద ఉన్నది. దాని వెనుక తేదీ, కోటిపల్లి రేవు, పడమటి దిక్కు అని రాశాను. ఇంకొక నకలు అక్కడి గ్రంథాలయానికి పంపాను.